ఆస్పిరిన్ వేసి ఉంటే నాన్నగారు బతికేవారా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది ఖమ్మం దగ్గర పల్లె. 2021 మేలో మా నాన్నగారు కరోనాతో పోయారు. 58 ఏళ్లు, షుగర్ ఉండేది. జ్వరం మొదలైన తొమ్మిదో రోజున ఆక్సిజన్ పడిపోయింది. సీటీ స్కోరు 25కి 18 అన్నారు, ఊపిరితిత్తులు 70 శాతం పోయాయన్నారు. వెంటిలేటర్ పెట్టాలంటే అన్నయ్య సంతకం పెట్టాడు. ఆ తర్వాత నాన్న కళ్లు తెరవలేదు. పోస్ట్‌మార్టం చేయలేదు, బ్యాగులో చుట్టి ఇచ్చారు, ముఖం కూడా సరిగ్గా చూడలేకపోయాం. తర్వాత వాట్సాప్‌లో ఒక మెసేజ్ వచ్చింది. ఇటలీలో శవాలను కోసి చూస్తే అసలు జబ్బు రక్తం గడ్డకట్టడమేనని తేలిందట, ఆస్పిరిన్ వేస్తే సరిపోయేదట, వెంటిలేటర్ల వల్లే జనం పోయారట. అమ్మ అదే నమ్మింది. అన్నయ్యతో ఇప్పటికీ ముభావంగానే ఉంటుంది. తను రోజూ ఆస్పిరిన్ వేసుకుంటోంది, నన్నూ వేసుకోమంటోంది. నాకూ అప్పుడే కరోనా వచ్చి ఇంట్లోనే తగ్గింది కానీ, మెట్లెక్కితే ఆయాసం, ఎప్పుడూ నీరసం. నా లోపలి అవయవాలు కూడా అలాగే పాడయ్యాయా? ఏదైనా సరే, నిజం చెప్పండి.

జవాబు: అమ్మా, మీరు అడిగినవన్నీ ఒక్కొక్కటిగా చెబుతాను కానీ ముందు ఆస్పిరిన్ సంగతి చూద్దాం, ఎందుకంటే మిగతా ప్రశ్నలు ఇన్నేళ్లు ఆగాయి, ఈ మాత్ర మాత్రం రోజూ అమ్మ కడుపులోకి వెళ్తోంది. అమ్మకు గుండె జబ్బో, స్టెంటో, గతంలో పక్షవాతమో ఉండి డాక్టరే రాసి ఉంటే దాన్ని మీ అంతట మీరు ఆపవద్దు. అలా కాకుండా మెసేజ్ చూసి మొదలుపెట్టినదైతే ఈ వారంలోనే తీసుకెళ్లి బీపీ చూపించి, ఇది కొనసాగించాలో మానాలో డాక్టరు నోటితోనే చెప్పించండి. చిన్న మాత్రే అయినా అది కడుపులో పుండు చేసి రక్తం కారేలా చేయగలదు, బీపీ అదుపులో లేని పెద్దవాళ్లలో మెదడులో రక్తస్రావం జరిగే ప్రమాదమూ ఉంటుంది. మలం నల్లగా, జిగటగా వస్తోందా అని అమ్మను అడగండి, అడగకపోతే ఇలాంటివి పెద్దవాళ్లు చెప్పరు. వస్తుంటే వారం ఆగొద్దు, అదే రోజు తీసుకెళ్లండి. మీరైతే అసలు మొదలుపెట్టకండి.

ఇక ఆ మెసేజ్. 2020లో అది ఇటలీ పేరుతో తిరిగింది, 2021 జూన్ నాటికి అదే కథ సింగపూర్ పేరుతో వచ్చింది, మేము అలాంటిదేమీ చేయలేదని సింగపూర్ ఆరోగ్య శాఖ బహిరంగంగా ఖండించాల్సి వచ్చింది. కరోనా వైరస్ కాదు బ్యాక్టీరియా అని, ప్రపంచ ఆరోగ్య సంస్థ శవపరీక్షలు నిషేధించిందని, ఒక్క దేశం మాత్రం ధైర్యం చేసి కోసి చూసి రహస్యం బయటపెట్టిందని అందులో ఉంటుంది. ఇవి మూడూ అబద్ధాలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చిలో ఇచ్చిన మార్గదర్శకాల్లో కరోనాతో పోయినవారికి శవపరీక్ష చేయాల్సి వస్తే ఏ జాగ్రత్తలతో చేయాలో రాసింది, నిషేధించినవాళ్లు అలా రాయరు కదా. పైగా శవపరీక్షలు ఒక్క దేశంలో రహస్యంగా జరగలేదు, చైనా, ఇటలీ, జర్మనీ, స్విట్జర్లాండ్, అమెరికా, బ్రిటన్, తర్వాత మన దేశంలోనూ జరిగాయి, ఫలితాలను అందరూ చదివేలా వైద్య పత్రికల్లో అచ్చు వేశారు.

కానీ ఆ మెసేజ్‌లో ఒక్క ముక్క నిజం ఉంది, అందుకే అది అంతమందిని నమ్మించింది. రక్తం గడ్డలు నిజంగానే కనిపించాయి. సగం నిజం చెప్పి మిగతా సగం దాచిన మెసేజ్ మీ ఇంట్లో తల్లికీ కొడుక్కీ మధ్య ఇన్నేళ్ల దూరం పెట్టింది కాబట్టి, ఆ రెండో సగం మీకు పూర్తిగా చెప్పడం పాథాలజీ, అంటే జబ్బు చేసిన అవయవాలను, కణాలను పరీక్షించే శాస్త్రం, చదువుకున్న మనిషిగా నా బాధ్యత అనుకుంటున్నాను. కొన్ని మాటలు చదవడానికి కష్టంగా ఉంటాయి. నిజం చెప్పమని అడిగారు కాబట్టి రాస్తున్నాను, అమ్మకు చదివి వినిపించేటప్పుడు మీకు తోచినచోట ఆగండి.

మన ఊపిరితిత్తుల్లో చివరి అంచున కంటికి కనిపించనంత చిన్న గాలి గదులు 30 కోట్లకు పైనే ఉంటాయి. ఒక్కో గది గోడ ఎంత పలుచన అంటే, లోపల గాలి, బయట రక్తం, మధ్యలో మిల్లీమీటరులో వెయ్యో వంతు మందం కూడా ఉండదు, ఆ పలుచని గోడలోంచే ఆక్సిజన్ రక్తంలోకి వెళ్తుంది. ఆ గోడలో రెండు రకాల కణాలుంటాయి, అందులో ఒక రకం గాలి గదులు ముడుచుకుపోకుండా ఉంచే పదార్థాన్ని తయారుచేస్తుంది, గోడ దెబ్బతింటే మరమ్మతు చేసేదీ ఆ రకమే. కరోనా వైరస్ సరిగ్గా ఆ కణాల్లోకే దూరుతుంది. మరమ్మతు చేయాల్సిన కణాలే ముందు చనిపోతాయన్నమాట. అప్పుడు గోడ చిల్లులు పడి రక్తంలోని నీరు, ప్రొటీన్లు గాలి గదుల్లోకి ఊరతాయి, చనిపోయిన కణాల తుక్కుతో కలిసి గది లోపలి గోడకు గులాబీ రంగు పొరగా అంటుకుంటాయి. మైక్రోస్కోపు కింద ఆ పొర స్పష్టంగా కనిపిస్తుంది, నిమోనియా తీవ్రమై పోయినవాళ్ల ఊపిరితిత్తులు చూసిన ఏ పాథాలజిస్టూ దాన్ని మర్చిపోరు. ఆ పొర ఉన్న గదిలోకి ఎంత ఆక్సిజన్ పంపినా రక్తానికి అందేది కొంచెమే. బయట సిలిండర్ ఫుల్లుగా నడుస్తున్నా నాన్నగారి వేలికి పెట్టిన మీటరులో అంకె ఎందుకు పెరగలేదో దీన్నిబట్టి మీకు అర్థమవుతుంది.

ఈ దెబ్బకు దశలుంటాయి. మొదటి వారం, పది రోజులు నీరు ఊరడం, పొర కట్టడం. తర్వాత శరీరం బాగుచేసుకునే ప్రయత్నంలో కొత్త కణాలు, పీచు కణాలు ఆ గదుల్లోకి పెరుగుతాయి. మనిషి ఇంకా వారాలు అదే స్థితిలో ఉంటే అది మచ్చ కట్టి గట్టిపడుతుంది. శవపరీక్షల్లో చాలాసార్లు కనిపించినది ఏమిటంటే, ఒకే మనిషి ఊపిరితిత్తిలో ఒకచోట మొదటి దశ, రెండంగుళాల అవతల రెండో దశ, అంటే దెబ్బ ఒకేసారి తగిలి ఆగిపోలేదు, ఒకవైపు మానుతుంటే మరోవైపు కొత్తగా తగులుతూనే ఉంది. మామూలుగా పెద్దవాళ్లకు రెండు ఊపిరితిత్తులూ కలిపి ముప్పావు కిలో, మహా అయితే కిలో దాకా బరువుంటాయి. జర్మనీలోని హాంబర్గ్‌లో శవపరీక్ష చేసిన మొదటి 12 మందిలో సగటున దాదాపు రెండు కిలోలున్నాయి. చేత్తో పట్టుకుంటే స్పాంజిలా మెత్తగా, తేలిగ్గా ఉండాల్సిన అవయవం నీళ్లూ రక్తమూ నిండి బరువెక్కి, గట్టిపడి ఉంది.

ఇప్పుడు గడ్డల విషయం. ఆ హాంబర్గ్ విశ్వవిద్యాలయంలో క్లాస్ ప్యూషెల్ అనే ఫోరెన్సిక్ ప్రొఫెసర్ ఉండేవారు. వైరస్ తుంపరలు లేస్తాయన్న భయంతో శవపరీక్షలు వీలైనంత తగ్గించమని జర్మనీ ప్రజారోగ్య సంస్థే మొదట్లో సలహా ఇచ్చింది, అయినా అక్కడి బృందం ఆపకుండా చేసింది. మొదటి 12 మందిలో ఏడుగురికి కాళ్ల సిరల్లో పెద్ద గడ్డలున్నాయి, ప్రాణం ఉన్నప్పుడు ఆ ఏడుగురిలో ఎవరికీ అవి ఉన్నట్టు అనుమానమే రాలేదు. నలుగురిలో ఆ గడ్డ ఊపిరితిత్తికి వెళ్లే రక్తనాళానికి అడ్డుపడటమే నేరుగా మరణానికి కారణమైంది. ఇటలీలో బెర్గామో, మిలాన్ ఆసుపత్రులు 38 మందిని పరిశీలించాయి, 33 మందిలో ఊపిరితిత్తుల చిన్న ధమనుల్లో గడ్డలు కనిపించాయి. మెసేజ్ రాసినవాడికి ఇటలీ పేరు ఎక్కడ దొరికిందో చూశారా? అయితే ఆ 38 మందిలోనూ నేను పైన చెప్పిన గాలి గదుల దెబ్బ ఉంది. మెసేజ్‌లో కనిపించనిది అదే.

2020 మే నెలలో వచ్చిన ఇంకో పరిశీలన నాకు అన్నిటికంటే ముఖ్యమనిపిస్తుంది. కరోనాతో పోయిన ఏడుగురి ఊపిరితిత్తుల్ని, 2009 నాటి స్వైన్‌ఫ్లూతో పోయిన ఏడుగురి ఊపిరితిత్తుల పక్కన పెట్టి పోల్చారు. గాలి గదుల దెబ్బ రెండింటిలోనూ ఉంది. గాలి గదుల చుట్టూ ఉండే వెంట్రుకకన్నా సన్నని రక్తనాళాల్లో మాత్రం గడ్డలు కరోనాలో 9 రెట్లు ఎక్కువ. రక్తనాళాల లోపలి పూత దెబ్బతినడం, దానిమీద వాపు రావడం, ఆ గరుకు చోట రక్తం గడ్డకట్టడం, ఇదీ వరస. మామూలుగా ఎముక మజ్జలో ఉండి, రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లను తయారుచేసే పెద్ద కణాలు కూడా ఊపిరితిత్తులు, గుండె, కిడ్నీల చిన్న నాళాల్లో కనిపించాయని న్యూయార్క్ పాథాలజిస్టులు రాశారు. అంటే గడ్డలు నిజమే, ముఖ్యమైనవే. కానీ అవి వైరస్‌కు బదులుగా వచ్చిన వేరే జబ్బు కాదు, వైరస్ మొదలుపెట్టిన దెబ్బలోంచే పుట్టాయి, ఊపిరితిత్తి మునిగిపోతున్నప్పుడు వాటి వల్ల ఇంకో దెబ్బ పడింది.

మరి గడ్డలున్నప్పుడు ఆస్పిరిన్ ఎందుకు పనిచేయదని అమ్మ అడుగుతుంది. న్యాయమైన ప్రశ్నే, డాక్టర్లకూ అదే వచ్చింది, అందుకే ఊహించి వదిలేయకుండా పరీక్షించి చూశారు. బ్రిటన్‌లో రికవరీ అనే పెద్ద ప్రయోగంలో, ఇండోనేషియా, నేపాల్ ఆసుపత్రులు కూడా కలిసి, దాదాపు 15 వేల మంది ఆసుపత్రిలో ఉన్న కరోనా రోగుల్ని తీసుకున్నారు. చీటీ తీసినట్టు సగం మందికి రోజూ 150 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ అదనంగా ఇచ్చారు, మిగతా సగానికి మామూలు చికిత్స చేశారు. 28 రోజుల్లో ఆస్పిరిన్ తీసుకున్నవారిలో 17 శాతం మంది చనిపోయారు, తీసుకోనివారిలోనూ 17 శాతమే. వెయ్యి మందికి ఆస్పిరిన్ ఇస్తే గడ్డల సమస్య ఆరుగురిలో తగ్గింది, పెద్ద రక్తస్రావం ఆరుగురిలో పెరిగింది. అమ్మకు ఈ ఒక్క పేరా చాలు అనుకుంటాను. ఆస్పిరిన్ ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అంటుకోకుండా కొంత ఆపుతుంది, అంతే. గాలి గదిలో కట్టిన పొరను అది తీయలేదు, ఊరుతున్న నీటిని ఆపలేదు, చనిపోయిన కణాలను తిరిగి తేలేదు.

ఇంకో సంగతి మీ ఇంట్లో ఎవరికీ తెలిసి ఉండదు. 2021 నాటికి మన ఆసుపత్రుల్లో చేరిన కరోనా రోగులకు పొట్ట మీద, బొడ్డు పక్కన రోజూ ఒక ఇంజెక్షన్ ఇచ్చేవారు, గుర్తుందా? దాని పేరు ఎనాక్సాపరిన్, కొన్నిచోట్ల హెపారిన్. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చేది అదే, ఆసుపత్రిలో ఉన్న రోగికి ఆ పనికి ఆస్పిరిన్ కంటే తగిన మందు. దాన్ని అసలు వాడమని సలహాలు అంత త్వరగా రావడానికి గట్టి కారణాల్లో పైన చెప్పిన శవపరీక్షలు ఒకటి. అంటే గడ్డల రహస్యాన్ని డాక్టర్లు దాచలేదు, నాన్నగారు ఆసుపత్రిలో చేరేనాటికి దానికి మందు చికిత్సలో చేరి ఉంది. ఎక్కువ మోతాదు ఇస్తే ఇంకా మేలా అని కూడా పరీక్షించారు. ఐసీయూ దాకా రానివారిలో కొంత మేలు కనిపించింది, ఐసీయూలో పరిస్థితి విషమించినవారిలో కనిపించలేదు. ఆ ఫలితాలు 2021 ఆగస్టులో అచ్చయ్యాయి. విషమించాక గడ్డలమీద ఎంత గట్టిగా పనిచేసినా మనిషి దక్కకపోవడానికి కారణం, అప్పటికే గాలి గదులు పోయి ఉండటం.

స్టెరాయిడ్ గురించి కూడా ఒక మాట, దాని మీదా మీ వైపు చాలా అపనమ్మకం ఉంది. ఎడిన్‌బరాలో 11 మంది మీద చేసిన శవపరీక్షల్లో వైరస్ ఉన్న చోటూ, వాపు తీవ్రంగా ఉన్న చోటూ చాలాసార్లు కలవలేదు. అంటే చివరి దశలో చంపుతున్నది వైరస్ ఒక్కటే కాదు, దాని మీదకు బయలుదేరి అదుపు తప్పిన మన సొంత రోగనిరోధక శక్తి కూడా. డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ పనిచేసింది అందుకే, 2020 జూన్‌లో వచ్చిన ఫలితాల ప్రకారం వెంటిలేటర్ మీదున్నవారి మరణాల్ని మూడో వంతు తగ్గించింది. షుగర్ ఉన్న నాన్నగారికి అది ఇచ్చి ఉంటే షుగర్ పెరిగి ఉంటుంది, అయినా ఇవ్వడమే సరైన పని.

వెంటిలేటర్ దగ్గరికి వద్దాం, అన్నయ్య సంతకం దగ్గరికి. ఇక్కడ నేను ఏదీ దాచను. వెంటిలేటర్ గాలిని ఒత్తిడితో పంపుతుంది, ఆ ఒత్తిడి ఎక్కువైతే ఊపిరితిత్తికి దెబ్బ తగులుతుంది, గొట్టం ఎక్కువ రోజులుంటే బ్యాక్టీరియా చేరి నిమోనియా మీద నిమోనియా వస్తుంది, కొందరి శవపరీక్షల్లో ఇదీ కనిపించింది. కానీ అసలు వెంటిలేటర్ ఎక్కకుండా పోయినవాళ్లు, ఇంట్లోనే పోయినవాళ్లు కూడా శవపరీక్షకు వచ్చారు, వాళ్ల గాలి గదుల్లోనూ అదే గులాబీ పొర, అవే గడ్డలు. మెషీన్ తగలని ఊపిరితిత్తిలో కూడా ఆ దెబ్బ ఉందంటే, దాన్ని మెషీనే చేసిందని ఎలా అంటాం? వెంటిలేటర్ ఎక్కినవాళ్లలో చాలామంది తిరిగి రాలేదు, నిజమే, ఊరూరా ఆ మాట విన్నాం. బాగా విషమించినవాళ్లకే అది పెట్టారు కాబట్టి అలా జరిగింది. ఆక్సిజన్ మాస్కుతో, బైపాప్‌తో (గొట్టం వేయకుండా మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపే మెషీన్) కూడా నిలవని మనిషి నిమిషానికి నలభై సార్లు ఊపిరి తీస్తూ గంటలు గడిపితే ఛాతీ కండరాలు అలసి శ్వాస ఆగిపోతుంది. అన్నయ్య సంతకం పెట్టకపోతే నాన్నగారు ఇంకొన్ని గంటలు, మహా అయితే ఒక రోజు, ఆ ఆయాసంతోనే మెలకువగా ఉండి వెళ్లిపోయేవారు. సంతకం వల్ల ఆయనకు బతికే అవకాశం కొంత మిగిలింది. ఆ తర్వాత కళ్లు తెరవలేదన్నారు కదా, గొట్టంతో పెనుగులాడకుండా, ఊపిరాడని బాధ తెలియకుండా ఇచ్చే మత్తుమందు వల్ల అది. నాన్న చివరి రోజుల్లో నరకం అనుభవించారని అమ్మ అనుకుంటూ ఉంటే, ఆ బాధ తెలియకుండా ఉండటానికే ఆయన్ని నిద్రలో ఉంచారని చెప్పండి.

అమ్మ కోపం నాకు అర్థమవుతుంది. ముఖం చూడనివ్వలేదు, ఆచారం ప్రకారం ఏదీ జరగలేదు, పోయిన మనిషి ఎందుకు పోయాడో కూర్చోబెట్టి చెప్పినవాళ్లు లేరు. ఎవరూ చెప్పనప్పుడు ఫోన్‌లో వచ్చిన మెసేజే వివరణ అయిపోయింది. ఆ తప్పు అమ్మది కాదు, అన్నయ్యది అంతకన్నా కాదు. మా వృత్తిలోని మేమంతా ఆ రోజుల్లో ఇళ్లకు ఫోన్ చేసి రెండు నిమిషాలు మాట్లాడటానికి కూడా నోచుకోలేదు, దాని ఫలితం మీలాంటి ఎన్నో ఇళ్లలో ఇంకా ఉంది.

నాన్నగారికి పోస్ట్‌మార్టం ఎందుకు చేయలేదంటే, మన దగ్గర ఆ మాట వినగానే పోలీసులు, కేసు గుర్తొస్తాయి, నిజానికి అది ఒక రకం మాత్రమే. ఆసుపత్రిలో జబ్బుతో పోయినప్పుడు, కారణం తెలిసినప్పుడు చట్టప్రకారం అక్కర్లేదు. జబ్బు గురించి తెలుసుకోవడానికి చేసే వైద్య శవపరీక్ష వేరే ఉంది, దానికి కుటుంబం ఒప్పుకోవాలి, మన దేశంలో అది మామూలు రోజుల్లోనే అరుదు. కరోనా కాలంలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2020 మేలో ఇచ్చిన మార్గదర్శకాలు పోలీసు కేసుల్లో సైతం కోత పెట్టి చేసే శవపరీక్ష వద్దన్నాయి, మార్చురీ సిబ్బందికి అంటుకుంటుందన్న భయంతో. ఆ ఏడాది ఆగస్టులో భోపాల్ ఎయిమ్స్ అనుమతి తెచ్చుకుని పూర్తి శవపరీక్షలు మొదలుపెట్టింది. ఢిల్లీ ఎయిమ్స్‌లో కోత లేకుండా సూదితో ముక్కలు తీసి పరిశీలించారు. ఇక్కడ కనిపించినవీ అవే, గాలి గదుల దెబ్బ, చిన్న నాళాల్లో గడ్డలు. ఒక అవమానంగానో, కప్పిపుచ్చడానికో నాన్నగారిని అలా పంపలేదు. నా సొంత అభిప్రాయం అడిగితే, మనం ఇంకా చాలా ఎక్కువ శవపరీక్షలు చేసి ఉండాల్సింది, ముఖ్యంగా 2021 వేసవిలో డెల్టా రకం వైరస్ వచ్చినప్పుడు. కుటుంబాల్ని ఓపిగ్గా అడిగితే ఒప్పుకునేవాళ్లు ఉండేవారని నా నమ్మకం.

సీటీ స్కోరు గురించి కూడా ఒక అపోహ తీసేస్తాను. ఊపిరితిత్తుల్లో ఐదు భాగాలుంటాయి, ఒక్కోదానికి ఐదేసి మార్కులు, మొత్తం 25. నీడ ఎంత మేర పరుచుకుందో అది చెబుతుంది. 18 వచ్చిందంటే అంత మేర వాపు, నీరు ఉన్నాయని అర్థం, ఆ భాగమంతా చచ్చిపోయిందని కాదు. అదే స్కోరుతో కోలుకుని ఇంటికి వచ్చినవాళ్లు మీ ఊళ్లోనే ఉంటారు. ఆ నీడ వెనక గాలి గదుల గోడ మిగిలిందా పోయిందా అన్నది సీటీ పూర్తిగా చూపించదు, మైక్రోస్కోపు చూపిస్తుంది, మైక్రోస్కోపు మాత్రం మనిషి పోయాకే దొరికింది.

ఇప్పుడు మీ గురించి. శవపరీక్ష ఫలితాలు చదివి మీ లోపల కూడా అలాగే ఉందని భయపడుతున్నారు, ఇక్కడ తర్కం ఒకచోట తప్పుతోంది. శవపరీక్షకు వచ్చినవాళ్లంతా జబ్బు అత్యంత తీవ్రమై పోయినవాళ్లు. ఇంట్లో ఉండి తగ్గినవాళ్లెవరూ ఆ బల్ల మీదకు రాలేదు. పోయినవాళ్లలో కూడా అన్ని అవయవాలూ ఒకేలా పాడవలేదు. గుండె సంగతే చూడండి, కరోనాతో గుండె కండరానికి వాపు వస్తుందని ఎంత ప్రచారం జరిగింది! వేర్వేరు పరిశోధనల్లోంచి 277 గుండెల వివరాలు కలిపి చూసినప్పుడు, నిజమైన కండరపు వాపు 2 శాతం లోపే ఉందని తేలింది, మిగతావాటిలో చిన్న గడ్డలు, ఆక్సిజన్ అందక అక్కడక్కడా చనిపోయిన కణాలు, చాలామందికి ముందు నుంచే ఉన్న గుండె జబ్బు. కిడ్నీల్లో రక్తాన్ని వడకట్టాక మిగిలే నీటిని సరిచేసే సన్నని గొట్టాల కణాలు దెబ్బతిన్నాయి, మనిషి బతికితే ఆ కణాలు చాలావరకు మళ్లీ పెరుగుతాయి. కాలేయంలో కొవ్వు, రక్తం నిలవడం లాంటి చిన్న మార్పులే ఎక్కువ. మెదడులో సన్ననాళాల గోడలు కారడం, ఆక్సిజన్ తగ్గిన గుర్తులు కనిపించాయి.

వైరస్ నెలల తరబడి మెదడులో ఉండిపోతుందన్న వార్త మీరు చూసే ఉంటారు. దాని మూలం అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు 44 మంది మీద చేసిన పని, 2022 డిసెంబరులో వచ్చింది. శరీరంలో చాలాచోట్ల, మెదడులో సైతం, వైరస్ జన్యు పదార్థం దొరికింది, ఒకరిలో లక్షణాలు మొదలైన 230 రోజుల తర్వాత కూడా. వార్తల్లో రానిది ఏమిటంటే, ఊపిరితిత్తులు మినహా ఆ చోట్ల వాపు, దెబ్బ చాలా తక్కువగా ఉన్నాయి. జన్యు పదార్థపు ముక్క దొరకడం, బతికున్న వైరస్ ఉండటం, దాని వల్ల అవయవం పాడవడం, ఈ మూడూ వేర్వేరు విషయాలు. పైగా వాళ్లలో ఎవరూ టీకా తీసుకున్నవారు కాదు.

బతికి బయటపడ్డవాళ్ల సంగతి తెలియాలంటే బతికున్నవాళ్లనే చూడాలి. వుహాన్‌లో ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లిన 1,276 మందిని ఏడాది పాటు గమనించారు. ఏదో ఒక ఇబ్బంది ఉందని ఆరు నెలలప్పుడు చెప్పినవారు 68 శాతం, ఏడాదికి 49 శాతం. తగ్గుతూ వచ్చింది, కానీ కొందరిలో నీరసం, ఆయాసం మిగిలాయి, అది వాళ్ల ఊహ కాదు. ఇంట్లో తగ్గినవాళ్లలోనూ కొంతమందికి ఇలా మిగలడం చూస్తున్నాం. మీది కూడా అదే అయి ఉండొచ్చు, లేదా కరోనాకు సంబంధమే లేని మామూలు కారణం కావచ్చు, ముందు వెతకాల్సింది ఆ మామూలు కారణాన్నే. మన ఆడవాళ్లలో మెట్లెక్కితే ఆయాసం అనగానే నేను మొదట హిమోగ్లోబిన్ చూడమంటాను, తర్వాత థైరాయిడ్, షుగర్ (నాన్నగారికి ఉంది కాబట్టి మీకు తప్పనిసరి), బి12. అవన్నీ బాగుంటే ఛాతీ ఎక్స్‌రే, ఊది చూసే ఊపిరితిత్తుల పరీక్ష, ఆరు నిమిషాలు నడిపించి ఆక్సిజన్ చూసే పరీక్ష, అవసరమనిపిస్తే గుండెకు ఎకో. భయం కోసం ఏటా సీటీ తీయించుకోకండి, అందులో రేడియేషన్ ఊరికే పోదు. కూర్చున్నప్పుడు కూడా ఆయాసం వచ్చినా, ఒక కాలు వాచి నొప్పి పెట్టినా, దగ్గులో రక్తం పడినా మాత్రం నా జవాబు కోసం ఎదురుచూడకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. రాత్రుళ్లు నిద్ర పట్టకపోవడం, నాన్నగారి చివరి ఫోన్ మాటలు పదే పదే గుర్తుకు రావడం ఉంటే అది కూడా డాక్టరుకు చెప్పండి, నీరసానికి అదీ పెద్ద కారణమే, దానికీ వైద్యం ఉంది.

ఇంట్లో నాన్నగారి ఆసుపత్రి కాగితాలు ఎక్కడో ఒక కవరులో ఉంటాయి, బీరువాలోనో, అన్నయ్య దగ్గరో. డెత్ సమ్మరీలోనో, మందుల చీటీలోనో ఎనాక్సాపరిన్, హెపారిన్, డెక్సామెథాసోన్, మిథైల్ ప్రెడ్నిసలోన్ అన్న పేర్లు ఉన్నాయేమో వెతకండి, ఇంగ్లిషులో ఉంటాయి, రాత అర్థం కాకపోతే ఏ మెడికల్ షాపులో చూపించినా చదివి పెడతారు. వీటిలో మొదటి రెండూ గడ్డలకు, చివరి రెండూ స్టెరాయిడ్లు. మొదటి రెండింట్లో ఏదైనా ఉంటే అమ్మ ముందు పెట్టి, గడ్డలకు మందు నాన్నకు ఇచ్చారని వేలు పెట్టి చూపించండి, ఆ సమయంలో అన్నయ్య కూడా పక్కన ఉంటే మంచిది. మీకు అర్థం కానివి ఏవైనా ఉంటే ఆ పేజీల ఫోటోలు పేరు కనిపించకుండా పంపండి, ఏ రోజు ఏమిచ్చారో, ఎందుకిచ్చారో తేదీల వారీగా రాసి పంపుతాను.